ఆ నిర్లక్ష్యం ఎవరిది?

మా పెద్దమ్మ తన ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఎలుకలకి అందకుండా వంటింటి గోడ మేకుకి తగిలించి ఉంచుతుంది. ఆమెకి చదువు రాదు. అయినా ఏ కాగితం దేనికో రంగునుబట్టి చెప్పేస్తుంది. రొమ్ము క్యాన్సర్ అని తేలిన నెలలో ఆ కాగితాలు చదివిపెట్టే పని నాకు పడింది. మొదటి పేజీలో, గడ్డ కొలతల కింద, డాక్టర్ ఇంగ్లీషులో రెండు మాటలు రాశారు: 'నెగ్లెక్టెడ్ కేస్'.

"ఏమని రాసినారు పాపా?" అని అడిగింది పెద్దమ్మ.

సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని, రెండు మాటలు తెలుగులో చెప్పడానికి తడబడ్డాను. చివరికి "నువ్వు నిర్లక్ష్యం చేశావని రాశారు పెద్దమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. లేచి ఆవులకు కుడితి పెట్టడానికి వెళ్ళిపోయింది.

ఆ అనువాదం తప్పని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. ఇంగ్లీషులో ఆ మాటకి కర్త లేదు. ఎవరు నిర్లక్ష్యం చేశారో అది చెప్పదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు 'నిర్లక్ష్యం చేసిన' అనాలో, 'నిర్లక్ష్యానికి గురైన' అనాలో తేల్చుకోక తప్పదు. నేను క్షణమైనా ఆలోచించకుండా మొదటిదాన్నే ఎంచుకున్నాను. కర్త స్థానంలో పెద్దమ్మని కూర్చోబెట్టాను. ఆ వాక్యం నా నోటికి అంత సులువుగా ఎలా వచ్చింది? రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీ స్వభావాన్ని విచారణకి నిలబెట్టడం ఎప్పుడు మొదలైంది? ఆ ప్రశ్నల వెంట పోతే దొరికిన చరిత్రే ఈ వ్యాసం.

పెద్దమ్మ వాళ్ళ ఊరు చిత్తూరు జిల్లాలో, కాణిపాకానికి దగ్గర. మా వైపు కాణిపాకం గుడి మాత్రమే కాదు, ఒక న్యాయస్థానం కూడా. అప్పు తీసుకోలేదన్నవాళ్ళనీ, నగ తీయలేదన్నవాళ్ళనీ అక్కడికి తీసుకుపోయి, కోనేట్లో స్నానం చేయించి, వరసిద్ధి వినాయకుడి ముందు ప్రమాణం చేయిస్తారు. అబద్ధమాడినవాళ్ళని స్వామి వదలడని నమ్మకం. గుడి పక్కన పారే బాహుదా నది కథ కూడా తప్పూ శిక్షా గురించే. ఆకలికి తాళలేక అడక్కుండా మామిడిపండు కోసుకు తిన్నందుకు లిఖితుడి చేతులు నరికించాడట రాజు. ఈ నదిలో మునిగితే ఆ చేతులు తిరిగొచ్చాయట. బాహువులిచ్చింది కాబట్టి బాహుదా అయింది. చిన్నప్పుడు నాకా కథలో నది మహిమే కనిపించేది. ఇప్పుడు ఇంకొకటి కనిపిస్తోంది. శరీరంలో ఒక భాగం పోయిందంటే దాని వెనక ఏదో ఒక తప్పు ఉండి తీరాలన్న ఆలోచన.

పెద్దమ్మకి ఆపరేషన్ అయ్యాక పలకరించడానికి వచ్చినవాళ్ళు అడిగినవన్నీ ఆ ఆలోచనలోంచి వచ్చిన ప్రశ్నలే. ఎవరి ఉసురు తగిలిందో అన్నవాళ్ళున్నారు. బిడ్డలకి సరిగా పాలిచ్చిందో లేదో అన్నవాళ్ళున్నారు. అన్నీ మనసులో పెట్టుకుని కుమిలిపోయే మనిషి, అందుకే వచ్చిందని తేల్చినవాళ్ళున్నారు. ఈ చివరిది చదువుకున్నవాళ్ళ మాట. ఉసురు మాటని మూఢనమ్మకమని కొట్టిపారేసిన నేను, దీన్ని మాత్రం శాస్త్రమనుకుని నమ్మాను.

ఈ 'శాస్త్రం' వయసు దాదాపు పద్ధెనిమిది వందల ఏళ్ళు. రెండో శతాబ్దంలో గ్రీకు వైద్యుడు గేలెన్, శరీరంలో నల్ల పిత్తం పేరుకుపోతే క్యాన్సర్ గడ్డ పుడుతుందని రాశాడు. ఆ వైద్యం లెక్కలో దిగులు స్వభావానికి మూలం కూడా ఆ నల్ల పిత్తమే. ఒకే ద్రవం రొమ్ములో గడ్డనీ మనసులో దిగులునీ పుట్టిస్తుందన్నాక, దిగులు మనిషికి ఆ గడ్డ రావడం సహజమే అనిపించింది. తర్వాతి కాలంలో ఐరోపా వైద్యం పిత్తాన్ని వదులుకుంది గానీ ఆ ముడిని వదులుకోలేదు.

1975లో లండన్‌లో స్టీవెన్ గ్రీర్, టీనా మోరిస్ అనే పరిశోధకులు రొమ్ములో గడ్డతో ఆసుపత్రిలో చేరిన 160 మంది స్త్రీలని, అది క్యాన్సరో కాదో తేలకముందే ఇంటర్వ్యూ చేశారు. తర్వాత క్యాన్సర్ అని తేలినవాళ్ళలో కోపాన్ని విపరీతంగా అణుచుకునేవాళ్ళు ఎక్కువగా ఉన్నారని ప్రకటించారు. 1980లలో అమెరికాలో లిడియా టెమొషోక్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు క్యాన్సర్ రోగుల స్వభావానికి 'టైప్ సి' అన్న పేరుని ప్రచారంలోకి తెచ్చింది. కోపం చూపించరు. ఎదుటివాళ్ళని నొప్పించరు. తమ అవసరాన్ని అందరికంటే చివర పెట్టుకుంటారు. ఆ లక్షణాలు చదువుతుంటే మన ఇళ్ళల్లో మంచి కోడలికి చెప్పే బుద్ధులు చదువుతున్నట్టే ఉంటుంది. ఏ గుణాలు లేకపోతే ఆడదానికి ఆ ఇంట్లో అన్నం పుట్టదో, ఆ గుణాలే ఆమెకి జబ్బు తెచ్చాయనడం ఎంత విచిత్రం! ఆ గుణాలు ఆమెకి ఎవరు నేర్పారో ఈ సిద్ధాంతం అడగదు.

ఆ సిద్ధాంతానికి మొదట గట్టిగా అడ్డుపడిన వాళ్ళలో ఒక రచయిత్రి ఉంది. రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స చేయించుకున్న సుసాన్ సొంటాగ్ 1978లో 'ఇల్‌నెస్ యాజ్ మెటఫర్' రాసింది. క్షయకి కారణం తెలియని రోజుల్లో అది సున్నిత మనస్కులకి వచ్చే జబ్బని ఐరోపా అంతా నమ్మిందనీ, అసలు కారణం తెలిసి మందు దొరికాక ఆ మాట మాయమైందనీ ఆమె చూపించింది. ఇది మా జిల్లా వాళ్ళకి తెలిసిన విషయమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915 నుంచి క్షయ శానిటోరియం ఉండేది. అక్కడ మంచం పట్టినవాళ్ళకి జబ్బు వాళ్ళ స్వభావం వల్ల వచ్చిందని ఇవాళ ఎవరైనా అంటే నవ్వుతాం. క్యాన్సర్ విషయంలో ఇంకా నవ్వడం లేదు.

ఈ కథలో డబ్బు కూడా ఉంది. క్యాన్సర్ ఎవరికి వస్తుందో స్వభావాన్ని చూసి చెప్పవచ్చని గట్టిగా వాదించిన వాడు లండన్ ప్రొఫెసర్ హాన్స్ ఐసెంక్. ఆయన పరిశోధనలకి సిగరెట్ కంపెనీలు డబ్బిచ్చాయి. తప్పు మనిషి స్వభావానిదైతే పొగాకు బయటపడుతుంది కదా! 2019లో లండన్ కింగ్స్ కాలేజీ విచారణ జరిపి, ఆయన రొనాల్డ్ గ్రోసార్త్-మాటిచెక్‌తో కలిసి రాసిన 26 పత్రాలు నమ్మదగినవి కావని తేల్చింది. అప్పటికే పెద్ద లెక్కలు వేరే కథ చెప్పాయి. 2010లో స్వీడన్, ఫిన్లాండ్‌లలో 59,548 మంది కవలలని ఏళ్ళ తరబడి గమనించిన అధ్యయనంలో స్వభావానికీ క్యాన్సర్ రావడానికీ సంబంధం కనిపించలేదు. 2014లో ఆరు అధ్యయనాల్లోని 42,843 మందిని కలిపి చూసినప్పుడూ కనిపించలేదు. మా పెద్దమ్మ కుమిలిపోవడం వల్ల ఆమెకి క్యాన్సర్ రాలేదు.

వచ్చాక బతకడం మాటేమిటి? ఆ గ్రీర్ బృందమే 1979లో, పోరాట పటిమ ఉన్న స్త్రీలు ఎక్కువకాలం బతికారని రాసింది. అది 69 మంది మీద చేసిన చిన్న అధ్యయనం. 'ధైర్యంగా ఉండు, ధైర్యమే మందు' అని మంచం పక్కన కూర్చుని మనం చెప్పే మాటకి అది శాస్త్రం ముద్ర వేసింది. 1999లో మాగీ వాట్సన్, గ్రీర్, మరికొందరు కలిసి 578 మంది స్త్రీలతో మళ్ళీ పరీక్షించారు. పోరాట పటిమ ఆయువు పెంచిన దాఖలా దొరకలేదు. తీవ్రమైన నిస్సహాయత, కుంగుబాటు ఉన్నవాళ్ళకి మాత్రం కొంత నష్టం కనిపించింది. ఇక్కడ నేర్చుకోవలసింది కుంగుబాటుకి కూడా వైద్యం చేయాలన్నది. ఏడ్చినందుకు రోగిని కోప్పడమని ఆ అధ్యయనం చెప్పలేదు. ఏడవడానికి చోటు లేకుండా చేసి, ఆ మౌనాన్ని ధైర్యమని మెచ్చుకోవడం మనకి బాగా అలవాటు.

రెండో ఆరోపణ, నేను పెద్దమ్మ మీద వేసింది: ఎందుకు ఆలస్యం చేశావు? దీనికీ ఒక చరిత్ర ఉంది. 1938లో న్యూయార్క్‌కి చెందిన జార్జ్ ప్యాక్, జేమ్స్ గాలో అనే వైద్యులు క్యాన్సర్ చికిత్సలో జాప్యం గురించి ఒక ప్రసిద్ధ పత్రం రాశారు. లక్షణం కనిపించాక మూడు నెలల్లో డాక్టర్ దగ్గరికి రాకపోతే అది రోగి చేసిన జాప్యం అన్న కొలత అప్పట్నుంచి స్థిరపడింది. ఆ పత్రం పేరులోనే 'కల్పబిలిటీ' అన్న మాట ఉంది. దోషం ఎవరిదన్న ప్రశ్న. కోర్టులో వాడే మాట వైద్యంలోకి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే, కాణిపాకం కోనేటి గట్టు ఆసుపత్రి వరండాలోకి వచ్చింది. న్యాయంగా చెప్పాలంటే ఆ వైద్యులు డాక్టర్ల వల్ల జరిగే జాప్యాన్ని కూడా లెక్కపెట్టారు. మన తలల్లో మిగిలింది మాత్రం మొదటి సగమే.

నవలా రచయిత్రి ఫ్రాన్సెస్ బర్నీకి 1810 ఆగస్టులో రొమ్ములో నొప్పి మొదలైంది. డాక్టర్‌కి చూపించుకోమని భర్త పోరినా ఆమె వెంటనే ఒప్పుకోలేదు. 1811 సెప్టెంబరు 30న పారిస్‌లో, మత్తుమందు లేని రోజుల్లో, తన ఇంట్లోనే నల్ల దుస్తుల మగ డాక్టర్ల మధ్య ఆపరేషన్ చేయించుకుంది. ఆ అనుభవాన్ని అక్క ఎస్తర్‌కి ఉత్తరంగా రాయడానికి నెలలు పట్టింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళకి పైగా బతికింది. ఆ ఉత్తరం చదివిన వాళ్ళెవరూ ఆమెని నిర్లక్ష్యం మనిషి అనరు. ఆమె భయం మనకి అర్థమవుతుంది, ఎందుకంటే ఆమె రాయగలిగింది. రాయలేని స్త్రీ భయం కేస్ షీట్‌లో రెండు మాటలుగా మిగిలిపోతుంది.

ఇప్పటి పరిశోధనలు మనిషి స్వభావానికీ, ఆమె వైద్యాన్ని ఎంత వాడుకుంటుందన్నదానికీ ఉన్న సంబంధాన్ని ప్రశ్నపత్రాలతో కొలుస్తాయి. ఆందోళన ఎక్కువున్నవాళ్ళు డాక్టర్ దగ్గరికి ఎక్కువసార్లు వెళ్తారనీ, బాధ్యతగా నడుచుకునే గుణమున్నవాళ్ళు పరీక్షలూ మందులూ తప్పరనీ స్థూలంగా చెబుతాయి. దీన్ని నేను కాదనను. స్వభావం అనేది లేదని కాదు నా వాదన. కానీ ఆ కొలబద్ద ఎక్కడ తయారైందో సాహిత్య విద్యార్థులుగా మనం చూడాలి. 1936లో గోర్డన్ ఆల్‌పోర్ట్, హెన్రీ ఆడ్‌బర్ట్ ఒక పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తిరగేసి మనుషుల తీరుని చెప్పే మాటలు 17,953 ఏరారు. ఇవాళ ప్రపంచమంతా వాడే అయిదు ప్రధాన స్వభావ లక్షణాల వర్గీకరణకి మూలం అలాంటి మాటల జాబితాలే. మరి తెలుగు మాటల్లోంచి ఏరితే ఏమొస్తాయి? ఓర్పు. అణకువ. గుట్టు. సిగ్గు. మొండితనం. వీటిలో 'గుట్టు'ని ఏ ప్రశ్నతో కొలుస్తాం? గుట్టుగా సంసారం చేసుకొస్తోందన్నది మన వైపు ఆడదానికిచ్చే పెద్ద మెప్పు. రొమ్ములో గడ్డని గుట్టుగా దాచుకున్నది కూడా ఆ గుణమే. ఇంట్లో ఓర్పు అని పిలిచినదాన్నే ఆసుపత్రిలో నిర్లక్ష్యం అని రాస్తారు. గుణం మారలేదు, పేరు పెట్టే చోటు మారింది.

ఇంకొక విషయం. బాధ్యతగా నడుచుకునే గుణాన్ని కొలవాలంటే మా పెద్దమ్మని మించినవాళ్ళు దొరకరు. ఇరవై ఏళ్ళుగా తెల్లారి అయిదున్నరకీ, సాయంత్రం అయిదున్నరకీ పాలకేంద్రంలో పాలు పోసింది. వానొచ్చినా, జ్వరమొచ్చినా ఒక్క పూట తప్పలేదు. ఆ బాధ్యత అంతా ఆవులకీ, మనుషులకీ ఖర్చయిపోయింది. తనకి మిగల్లేదు.

స్త్రీలు ఆసుపత్రికి రారన్న మాట మా ప్రాంతానికి కొత్త కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు ఈ ప్రాంతంలో చాలా భాగం ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. ముఖ్యపట్టణం చిత్తూరే. మేం రాయవేలూరు అని పిలుచుకునే వేలూరు ఆ జిల్లాలోదే. అక్కడ ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్ తన జీవితాన్ని మార్చిన ఒక రాత్రి గురించి చెప్పేది. 1890లలో తిండివనంలో, ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ప్రసవం కష్టమైన తమ భార్యల్ని చూడమని ఆమెని అడిగారు. ఆమె అప్పటికి డాక్టర్ కాదు. డాక్టరైన ఆమె తండ్రిని తీసుకుపోవడానికి వాళ్ళు ఒప్పుకోలేదు, ఆయన మగవాడు కాబట్టి. తెల్లారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. వైద్యం వాడుకోనివాళ్ళ లెక్కలో ఆ ముగ్గురూ పడతారు. వాళ్ళు పిరికివాళ్ళా, మొండివాళ్ళా, సిగ్గరులా అన్నది ఎవరికీ తెలియదు. వాళ్ళని ఎవరూ అడగలేదు.

ఐడా అమెరికా వెళ్ళి 1899లో డాక్టరై తిరిగొచ్చింది. 1900లో ఒకే ఒక్క మంచంతో రాయవేలూరులో వైద్యం మొదలుపెట్టింది. 1902లో స్త్రీల ఆసుపత్రి, 1918లో స్త్రీలకోసం వైద్య పాఠశాల వచ్చాయి. ఆసుపత్రికి రాలేనివాళ్ళ కోసం ఎద్దుబండిలో, తర్వాత మోటారు కారులో గుడియాత్తం దారి పట్టి, చెట్ల కింద ఆగి చూసేది. స్త్రీలు వచ్చారు. వాళ్ళ స్వభావం రెండు మూడేళ్ళలో మారిపోయిందా? చూసేది ఆడమనిషి అయింది, దారి దగ్గరయింది. మారింది అదీ.

మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి సోదరి 1923లో క్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దుఃఖాన్ని ఆమె ముప్పై ఏళ్ళు మోసి, 1954లో అడయార్‌లో పన్నెండు మంచాలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెరిపించింది. మా జిల్లాకి అలాంటి వైద్యం దగ్గరవడానికి ఇంకా చాలా కాలం పట్టింది. తిరుపతిలో స్విమ్స్ 1993లో మొదలైంది. క్యాన్సర్ ఆపరేషన్‌కి పేదవాళ్ళు పొలం అమ్ముకోనక్కర్లేదన్న ధీమా 2007లో ఆరోగ్యశ్రీతో వచ్చింది. పేర్లు మారినా ఆ పథకం నడుస్తూనే ఉంది. టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి తిరుపతిలో 2022లో తెరుచుకుంది. ఈ తేదీల పక్కన మన ఇళ్ళల్లో చనిపోయిన ఆడవాళ్ళ తేదీలు పెట్టి చూస్తే, ఎవరి ఆలస్యం ఎంతో కొంత తెలుస్తుంది.

స్వభావం మాటని పక్కన పెట్టి గుమ్మం దగ్గరికే వెళ్తే ఏమవుతుందో ముంబైలో తేలింది. టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో మొదలుపెట్టిన అధ్యయనంలో 35 నుంచి 64 ఏళ్ళ స్త్రీలు 1,51,538 మంది ఉన్నారు. సగం మందికి, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. మామోగ్రామ్ లేదు, పెద్ద యంత్రం లేదు. 2021లో వెలువడిన ఇరవై ఏళ్ళ ఫలితాల్లో, పరీక్ష జరిగినవాళ్ళలో జబ్బు ముందే దొరికింది. మొత్తం మీద మరణాల తగ్గుదల స్పష్టంగా తేలలేదు గానీ, 50 ఏళ్ళు దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. ఆ లక్షన్నర మందిలో సిగ్గరులూ, భయస్థులూ, మొండివాళ్ళూ అందరూ ఉండి ఉంటారు. ఎవరి గుణాన్నీ ముందు సరిదిద్దాల్సి రాలేదు. తలుపు తట్టింది ఒక ఆడమనిషి, అంతే.

పెద్దమ్మ చికిత్స ముగిశాక ఒక సాయంత్రం, ఆవుల కొట్టంలో కూర్చుని, ఆ మొదటి రోజు అడగాల్సినట్టు అడిగాను.

"ఏంటికి చెప్పలేదు పెద్దమ్మా?"

"నొప్పుంటే గదా పాపా చెప్పేది. నొప్పే లేకపాయ. నొప్పి లేనిదాన్ని ఏమని చూపించుకునేది?"

రొమ్ము క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఆ ఒక్క మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేను కూడా చెప్పలేదు. నొప్పిని కూడా ఓర్చుకోమని నేర్పినవాళ్ళం, నొప్పి లేనిదాన్ని చూపించుకోలేదని తప్పుపట్టాం. కాసేపాగి ఇంకో మాట చెప్పింది.

"మూడో నెల్లో చూపించినా గదా. మనూరికి సైకిల్ మోటార్లో వచ్చే డాక్టరు లే. కొవ్వుగడ్డ అన్నాడు. బిళ్ళలిచ్చినాడు. ఆయప్పకి తెలుసులే అనుకున్నా."

మూడో నెలలో! 1938 నాటి కొలత ప్రకారం కూడా ఆమె గడువులోనే వెళ్ళింది. ఆ సంగతి ఫైల్లో లేదు. ఆమెని ఎవరూ అడగలేదు, మేమూ అడగలేదు. చూపించాక తిరుపతికి పంపాల్సిన మనిషి పంపలేదు. మిగతా ఎనిమిది నెలలూ ఆమె ఆ బిళ్ళల్ని నమ్మింది. ఆసుపత్రిలో చేరడానికి రెండు ఆవుల్లో ఒకదాన్ని అమ్మి వచ్చింది, అన్ని కీమోలకీ తేదీ తప్పకుండా వెళ్ళింది, ఇప్పటికీ చెకప్ తప్పదు.

ఆ రోజు నేను తప్పు చదివానని ఆమెకి చెప్పాను. ఆ ఇంగ్లీషు మాటకి నువ్వు పట్టించుకోలేదని అర్థం కానక్కర్లేదు, నిన్ను ఎవరూ పట్టించుకోలేదని కూడా చదవొచ్చు అన్నాను. ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"ఇప్పుడేంటికిలే పాపా. అది ఉండనీ. మళ్ళా ఎప్పుడు రమ్మన్నారో అది చదువు."

కవరు తీసి, తేదీ చదివి చెప్పాను. ఆ రోజు రెండు పూటలా పాలు పోసి రమ్మని కోడలికి అప్పటికే చెప్పిపెట్టింది.